సూది తర్వాత చావు, సూది వల్ల చావు: ఈ రెండింటి మధ్య మన లెక్క ఎక్కడ?



2021లో మా తాత చనిపోయాడు. కరోనా టీకా మొదటి డోసు వేయించుకున్న తొమ్మిదో రోజు పోయాడు. తునికాకు పని అయిపోయి, ఊరంతా భూమి పండుగకు సిద్ధమవుతున్న రోజులవి. మొదట మూడు రోజులు జ్వరం, తర్వాత ఆయాసం. వాగు పొంగి ఉంది. మంచానికి తాళ్లు కట్టి నలుగురు మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చారు. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది. రక్తపరీక్ష లేదు, పోస్టుమార్టం లేదు. తర్వాత ఎప్పుడో ఒక కాగితం మీద కారణం "వృద్ధాప్యం" అని రాశారు.

గూడెం అంతా ఒకటే మాట: "సూదే చంపింది." టీకా వేసిన సిబ్బందిది ఇంకో మాట: "సూదికి, ముసలాయన చావుకు సంబంధమే లేదు."

ఇద్దరూ గట్టిగానే చెప్పారు. కానీ నిజం ఏంటంటే, ఇద్దరిలో ఎవరూ చూడలేదు. మా తాతకు కరోనా వచ్చిందో, మలేరియా వచ్చిందో, గుండె ఆగిందో, టీకా వల్లే ఏమన్నా అయిందో తెలుసుకునే పరీక్ష ఒక్కటీ జరగలేదు. రెండో డోసుకు టీం వచ్చిన రోజు గూడెంలో మగా ఆడా ఎవరూ లేరు, అందరూ పోడు చేలల్లోకి పోయారు. అంతటితో ఆగితే బాగుండు. ఆ తర్వాత చాలా నెలలు పసిపిల్లల టీకాలకు కూడా తల్లులు రాలేదు. తట్టు రాకుండా వేసే టీకా, గొంతువాపు రాకుండా వేసే టీకా అన్నీ వెనకబడ్డాయి. ఒక్క చావుకు కారణం ఎవరూ చెప్పకపోతే, దాని మూల్యం ఎక్కడెక్కడో కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా అమ్మ ఫోన్ చేసింది. మా చెల్లెలు హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి అక్కడ ఎవరో మాట్లాడారంట. "ఏయించాల్నా, వద్దా? నువ్వు సదువుకున్నదానివి గదా, చెప్పు" అని అడిగింది అమ్మ. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ టీకా పేరు మన ఏజెన్సీకి కొత్త కాదు. భద్రాచలంలో ఆ పేరు వింటే ఇప్పటికీ కొందరు తల్లులు ఉలిక్కిపడతారు.

అందుకే ముందు ఆ కథ చెప్పుకుందాం. వాట్సాప్‌లో తిరిగేది కాకుండా, రికార్డులో ఉన్నది ఉన్నట్టు.

2009లో ఏం జరిగింది?

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. సుమారు 14,000 మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే మన పిల్లలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇలాగే ఇంకో కంపెనీ టీకా వేశారు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి.

దానికి పెట్టిన పేరు "ప్రదర్శన ప్రాజెక్టు". ఈ పేరును కాస్త గుర్తుపెట్టుకోండి. "ప్రయోగం" అని పేరు పెడితే దానికి చట్టం ఉంది, నియమాలు ఉన్నాయి, పరిహారం ఉంది, బీమా ఉంది. "ప్రదర్శన" అంటే అవేమీ వర్తించవని చెప్పుకోవచ్చు. పేరు మారితే మన పిల్లల హక్కే మారిపోయింది.

2010 మొదట్లో పిల్లలు చనిపోయారన్న మాట బయటికొచ్చింది. మహిళా ఆరోగ్య సంఘాల వాళ్లు భద్రాచలం వచ్చి హాస్టళ్లు తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. విచారణ కమిటీ వేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మన ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు.

ఆ ఏడు చావుల గురించి విచారణలో తేలింది ఇది. ఒకరు క్వారీ నీళ్లలో మునిగిపోయారు. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకరిది తీవ్ర జ్వరం, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చన్నారు. ఈ రెండింటికి కారణం అంత స్పష్టంగా తేలలేదు, కానీ టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని కమిటీ చెప్పింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనలో చాలామంది ఇప్పటికీ "ఏడుగురిని టీకా చంపింది" అని పోస్టులు పెడుతున్నారు. నేను కూడా డిగ్రీలో ఉన్నప్పుడు ఒక సభలో మైకు పట్టుకుని అదే మాట అన్నాను. అది తప్పు. క్వారీలో మునిగిన పిల్లను, పాము కరిచిన పిల్లను టీకా ఖాతాలో రాస్తే మనం కూడా ఆ పిల్లల చావును మన అవసరానికి వాడుకున్నట్టే అవుతుంది. నిజం మన వైపు ఉన్నప్పుడు అబద్ధం ఎందుకు?

మన వైపు ఉన్న నిజం ఏంటో చూడండి. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో తన 72వ నివేదిక ఇచ్చింది. అందులో ఉన్న లెక్క: ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. అంటే నూటికి 29 మంది పిల్లల విషయంలో అమ్మానాన్నల బదులు వార్డెన్ "సరే" అన్నాడు. తల్లి దగ్గరకు ఎవరూ పోలేదు. టీకా ఏంటో, ఎందుకో, ఏమైతే ఎవరికి చెప్పాలో ఆ తల్లికి ఆమె భాషలో చెప్పలేదు. పిల్లలకు బీమా లేదు. టీకా తర్వాత ఏమవుతుందో కనిపెట్టి, రాసి, పైకి పంపే స్వతంత్ర వ్యవస్థ లేదు. స్థాయీ సంఘం చాలా కఠినంగా రాసింది, కంపెనీల వ్యాపార ప్రయోజనం కోసమే ఇదంతా చేశారని తప్పుపట్టింది. పాత్ సంస్థ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు చూడొచ్చా లేదా అన్న ప్రశ్న మీద 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం "చూడొచ్చు" అని తీర్పు ఇచ్చింది.

కాబట్టి ఖమ్మం మనకు నేర్పిన పాఠం "టీకా విషం" అని కాదు. అడగకుండా వేసినా, వేశాక లెక్క పెట్టకపోయినా, లెక్కను మన చేతికి ఇవ్వకపోయినా, మంచి మందు మీద కూడా నమ్మకం చచ్చిపోతుంది. అదీ పాఠం.

అంకెల్ని ఎలా చదవాలి?

ఇప్పుడు కాస్త లెక్కలు మాట్లాడుకుందాం. భయపడకండి, సంతలో బేరం చేసేవాళ్లకు ఈ లెక్క కష్టం కాదు.

మన దేశంలో ఏడాదికి ప్రతి వెయ్యి మందిలో సుమారు ఆరుగురు చనిపోతారు. అంటే 10 లక్షల మందిని తీసుకుంటే ఏడాదికి 6,000 మంది, వారానికి సుమారు 115 మంది. టీకా ఉన్నా లేకపోయినా పోయేవాళ్లు వీళ్లు. ఇప్పుడు ఆ 10 లక్షల మందికి ఒకే రోజు టీకా వేశామనుకోండి. ఆ టీకా ఒట్టి మంచినీళ్లే అయినా, వారంలోపు 115 మంది "టీకా తర్వాత" చనిపోతారు. ముసలివాళ్లకే ముందు వేస్తే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. "తర్వాత" వేరు, "వల్ల" వేరు. కోడి కూసిన తర్వాత తెల్లారింది, కానీ కోడి వల్ల తెల్లారలేదు కదా.

ఇంకో లెక్క. ఊహకు చెబుతున్నా. ఒక మండలంలో 1,000 మంది పెద్దవాళ్లు ఉన్నారు. 900 మంది టీకా వేయించుకున్నారు, 100 మంది వద్దన్నారు. జబ్బు వచ్చి, వేయించుకున్నవాళ్లలో 9 మంది, వేయించుకోనివాళ్లలో ముగ్గురు చనిపోయారు. ఎవడో ఒకడు పోస్టు పెడతాడు: "చూడండి, చనిపోయిన 12 మందిలో 9 మంది టీకా వేయించుకున్నవాళ్లే!" అంకె అబద్ధం కాదు. కానీ నూటికి ఎంత అని అడగండి. వేయించుకున్నవాళ్లలో నూటికి ఒకరు, వేయించుకోనివాళ్లలో నూటికి ముగ్గురు. అంటే టీకా లేనివాళ్లకు ముప్పు మూడు రెట్లు. పైన ఉన్న అంకె ఒక్కటే చూపించి కింద ఉన్న అంకె దాచితే ఏ మాటైనా చెప్పించొచ్చు. అందుకే ఎవరు ఏ సంఖ్య చెప్పినా ఒక్క ప్రశ్న వేయండి: "ఎంతమందిలో?"

ఇదే ప్రశ్న సర్కారును కూడా వేయాలి. 2022 నవంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్క ప్రకారం, ఆ నెల 19 దాకా దేశంలో 219.86 కోట్ల కరోనా టీకా డోసులు వేశారు. టీకా తర్వాత ఇబ్బందులు వచ్చాయని నమోదైనవి 92,114. అందులో తీవ్రమైనవి, చావులతో కలిపి, 2,782. అంటే 10 లక్షల డోసులకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఇది చాలా తక్కువ, మంచి వార్తే. కానీ ఈ లెక్క ఎలా వస్తుందో చూడండి. ఎవరికైనా ఇబ్బంది వస్తే ఆశా అక్కకో, ఏఎన్ఎంకో, డాక్టరుకో చెప్పాలి. వాళ్లు ఫారం రాయాలి. అది జిల్లా టీకా అధికారికి చేరాలి. చెప్పకపోతే రాయరు, రాయకపోతే లెక్కలో లేదు. సిగ్నల్ లేని గూడెంలో, వాగు దాటాల్సిన గూడెంలో ఈ గొలుసు మొదటి కొక్కేనికే తెగిపోతుంది. ఆ 2,782లో మా తాత ఉన్నాడా? ఆయన్ని ఎవరూ రాయలేదు. ఉండాలా వద్దా అని తేల్చేవాళ్ల దాకా ఆయన పేరు పోనే లేదు.

కాబట్టి ఏజెన్సీ మండలం నుంచి "సున్నా" వచ్చిందంటే రెండు అర్థాలు ఉండొచ్చు. ఎవరికీ ఏమీ కాలేదని ఒకటి. ఎవరూ రాయలేదని రెండోది. ఆ రెండింటికీ కాగితం మీద ఒకటే సున్నా.

2020లో దేశంలో నమోదైన చావుల్లో 22.5 శాతానికే డాక్టరు రాసిచ్చిన కారణం ఉంది. నాలుగింటిలో ఒకటి కూడా కాదు. పట్టణాలు, పెద్దాసుపత్రులు కలిపితేనే ఇంత. కారణం రాయని చావుల మధ్య టీకా చావును వెతకడమంటే చీకట్లో నల్లచీమను వెతకడమే.

లెక్క చెబితే ఏమవుతుంది?

"ఇవన్నీ బయట పెడితే గిరిజనులు భయపడతారమ్మా, టీకాలకు రారు" అని ఒక అధికారి నాతో అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ ఆ మాటలో మనం చిన్నపిల్లలమనే అర్థం ఉంది. దానికి జవాబు బ్రిటన్‌లో ఉంది.

మనకు కోవిషీల్డ్ పేరుతో వేసిన టీకానే బ్రిటన్‌లో ఆస్ట్రాజెనెకా పేరుతో వేశారు. అక్కడ టీకా తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా డాక్టరే కాదు, మామూలు మనిషి కూడా రాసి పంపొచ్చు. దాన్ని "ఎల్లో కార్డ్" అంటారు. ఆ లెక్కను వారం వారం బయట పెట్టారు. అలా చూస్తుండగా రక్తం గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు పడిపోయే ఒక అరుదైన జబ్బు కనిపించింది. 2021 మార్చి 31 నాటికి 2 కోట్లకు పైగా డోసుల్లో 79 కేసులు, 19 చావులు. అంటే 10 లక్షలకు సుమారు నాలుగు. అది చాలా తక్కువే అయినా దాచలేదు. ఏప్రిల్ 7న ప్రజల ముందు చెప్పారు. వేరే జబ్బులు లేని 30 ఏళ్ల లోపువాళ్లకు వేరే టీకా ఇవ్వమన్నారు. తర్వాత ఆ వయసును 40కి పెంచారు. పెద్దవాళ్లకు కరోనా ముప్పే ఎక్కువ కాబట్టి వాళ్లకు అదే టీకా కొనసాగించారు. టీకాల కార్యక్రమం కూలిపోలేదు.

లెక్క బయట పెట్టడం వల్ల రెండు మేళ్లు జరిగాయి. నిజంగా ఉన్న ముప్పు దొరికింది. ముప్పు ఎవరికి ఎక్కువో, ఎవరికి తక్కువో తెలిసి నిర్ణయం మారింది. "అంతా బాగుంది" అని కళ్లు మూసుకుంటే ఆ 79 కేసులు కనిపించేవి కావు. "టీకాలన్నీ విషం" అని కేకలు వేసినా కనిపించేవి కావు. లెక్కపెట్టినవాళ్లకే కనిపించాయి.

మన దేశంలో కూడా చేయగలమని ఒక ఉదాహరణ ఉంది. 2021 జూన్‌లో బయటికొచ్చిన జాతీయ ఏఈఎఫ్ఐ కమిటీ నివేదిక. ఏఈఎఫ్ఐ అంటే టీకా తర్వాత వచ్చే ఇబ్బంది. 31 తీవ్రమైన కేసులను ఒక్కొక్కటిగా చూశారు. 18 కేసులు టీకాతో సంబంధం లేనివి, యాదృచ్ఛికం అన్నారు. 7 ఎటూ తేలలేదు. 3 టీకా వల్లే. 1 సూది భయం వల్ల. 2 కేసుల్లో సమాచారమే చాలలేదు. ఆ మూడింటిలో ఇద్దరు ఆసుపత్రిలో చేరి కోలుకున్నారు, 68 ఏళ్ల పెద్దాయన ఒకరు చనిపోయారు. టీకా వేసిన కాసేపటికే వచ్చే తీవ్ర అలర్జీ వల్ల. దేశంలో టీకా వల్లే అని ఒప్పుకున్న మొదటి చావు అది.

ఇందులో మనకు పనికొచ్చే విషయం చూడండి. ఆ అలర్జీ సాధారణంగా సూది వేసిన అరగంట లోపే వస్తుంది. వెంటనే అడ్రినలిన్ ఇంజక్షన్ ఇస్తే మనిషి బతికే అవకాశం చాలా ఎక్కువ. అందుకే అరగంట కూర్చోబెట్టాలని నియమం. మరి గూడేనికి వచ్చిన టీం అరగంట ఉందా? పక్క గూడేనికి పోవాలని తొందరపడిందా? వాళ్ల పెట్టెలో అడ్రినలిన్ ఉందా? పట్నంలో ఆసుపత్రి పక్కనే ఉంటే కోలుకునే మనిషి మన దగ్గర వాగు ఒడ్డున చనిపోతాడు. టీకా అదే, ముప్పు అదే, చావు మాత్రం దారి లేని చోట జరుగుతుంది. లెక్క మండలాలవారీగా ఉంటే ఈ తేడా కళ్లకు కడుతుంది. దేశం మొత్తం సగటులో మనం మాయమైపోతాం.

2022 మే 2న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందుల గురించి ప్రజలూ డాక్టర్లూ ఫిర్యాదు చేసే వీలు కల్పించాలి, ఆ నివేదికలు అందరికీ కనిపించాలి, మనుషుల పేర్లు బయటపడకుండా. కానీ అదే ఏడాది నవంబరులో కేంద్రం కోర్టుకు చెప్పింది ఇంకోటి: టీకా స్వచ్ఛందం కాబట్టి పరిహారం బాధ్యత ప్రభుత్వానిది కాదు, కావాలంటే సివిల్ కోర్టుకు పొండి అని. ఆసుపత్రికి పోవడానికే మంచం మోయాల్సిన మనిషి సివిల్ కోర్టుకు ఎట్లా పోతాడు? అందరి మేలు కోసం వేసిన టీకాలో లక్షల్లో ఒకరికి కీడు జరిగితే, ఆ ఒక్కరి భారం అందరం మోయాలి. వేటలో దెబ్బతిన్నవాడి ఇంటికి కూడా పాలు పంచే జాతి మనది. మనకు ఈ న్యాయం ఎవరూ నేర్పక్కర్లేదు.

మనం అడగాల్సింది

ఒకటి. ఏజెన్సీలో ప్రతి మండలానికి టీకాల లెక్క బోర్డు మీద పెట్టాలి. ఎన్ని డోసులు వేశారు, టీకా తర్వాత ఎంతమంది ఆసుపత్రిలో చేరారు, ఎంతమంది చనిపోయారు, అందులో ఎన్నింటిపై విచారణ జరిగింది, ఏం తేలింది. పేర్లు వద్దు, అంకెలు చాలు. పక్కనే, టీకా వేయించుకోనివాళ్లలో అదే వయసువాళ్ల లెక్క కూడా ఉండాలి. లేకపోతే పోల్చడానికి వీలుండదు.

రెండు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఏ టీకాకైనా, ఏ మందుకైనా వార్డెన్ సంతకం చెల్లకూడదు. తల్లో తండ్రో ఒప్పుకోవాలి. కాగితం చదవలేని తల్లికి కోయ భాషలో, కొండరెడ్డి గూడెంలో వాళ్లు మాట్లాడే మాటలో చెప్పాలి. "వద్దు" అన్నా పిల్లకు హాస్టల్లో ఏ ఇబ్బందీ రాకూడదు.

మూడు. 5వ షెడ్యూల్ ప్రాంతంలో కొత్త ఆరోగ్య కార్యక్రమం ఏది వచ్చినా ముందు గ్రామసభకు రావాలి. అభివృద్ధి కార్యక్రమాలకు గ్రామసభ ఆమోదం ఉండాలని 1996 పెసా చట్టం చెబుతోంది. రోడ్డుకు, గనికి అడిగినట్టే సూదికి కూడా అడగండి.

నాలుగు. టీకా తర్వాత నెల లోపు గూడెంలో ఎవరు చనిపోయినా ఇంటికొచ్చి విచారించాలి. ఏం తేలిందో ఆ కుటుంబానికి రాసి ఇవ్వాలి. "సంబంధం లేదు" అని చెప్పినా సరే, ఎందుకు లేదో చెప్పాలి.

ఐదు. టీకా వల్లే అని తేలితే కోర్టుల చుట్టూ తిప్పకుండా పరిహారం.

మనం చేయాల్సింది

అడగడం ఒక్కటే కాదు, మన తప్పు కూడా చూసుకుందాం. మన గూడేల్లో చావులను నమోదు చేయించం. 21 రోజుల్లో చెప్పాలన్న సంగతి చాలామందికి తెలియదు. నమోదు కాని మనిషికి న్యాయం అడగలేం. గూడేనికి ఒక యువకుడో యువతో ఒక నోటు పుస్తకం పెట్టండి. టీకా తేదీ, టీకా పేరు, కార్డు మీద ఉన్న బ్యాచ్ నంబరు, తర్వాత ఏమైంది, ఎన్నో రోజున, ఎక్కడ చూపించారు. నాలుగు గీతలు చాలు. టీకా వేయించుకున్నాక ఇబ్బంది వస్తే ఆశా అక్కకు చెప్పడమే కాదు, ఫారం రాశారా అని అడగండి. మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి 1800-180-3024 అని ఉచిత ఫోను నంబరు ఉంది, దానికి కూడా చేయొచ్చు. లెక్క అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేను మా తాత విషయంలో ఒకటి పెట్టాను. "సమాచారం అందుబాటులో లేదు" అని ఒక్క వాక్యం వచ్చింది. ఆ ఒక్క వాక్యం కూడా నాకు సాక్ష్యమే. ఆయన్ని ఎవరూ లెక్కపెట్టలేదని దాంతో రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

ఇంకో మాట. మన పేరు చెప్పి టీకాలను తిట్టే పట్నపు బాబులు చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లలకు అన్ని టీకాలు వేయించి, మన చావుల ఫొటోలు మాత్రం షేర్ చేస్తారు. వాళ్ల యుద్ధానికి మనం బాణాలం కావద్దు. తట్టు, ధనుర్వాతం, కోరింత దగ్గు వస్తే ముందు పోయేది మన పిల్లలే.

అమ్మకు నేను చెప్పిన జవాబు

రెండు రోజులు చదివి, తెలిసిన ఒక డాక్టరమ్మతో మాట్లాడి అమ్మకు ఫోన్ చేశాను. 2020 అంచనాల ప్రకారం ఆ ఏడాది మన దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా 1,23,000 మందికి పైగా ఆడవాళ్లకు వచ్చింది, 77,000 మందికి పైగా చనిపోయారు. మా మేనత్త అలాగే పోయింది. రక్తస్రావం గురించి ఎవరికీ చెప్పుకోలేక, చెప్పేసరికి ముదిరిపోయి. ఆమె చావు కూడా ఏ "టీకా లేని చావుల" లెక్కలోనూ లేదు. హెచ్‌పీవీ టీకా ప్రపంచమంతా కోట్ల మంది పిల్లలకు వేశారు. ప్రమాదం చాలా అరుదని ఏళ్ల తరబడి చూసిన లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కలు బయట ఉన్నాయి కాబట్టే నేను చదవగలిగాను, నమ్మగలిగాను.

అందుకని ఇలా చెప్పాను: "ఏయిద్దాం అమ్మా. కానీ కాగితం మీద సంతకం నువ్వే పెట్టు, వార్డెన్‌ను పెట్టనియ్యకు. పెట్టేముందు అడుగు. ఏ టీకా, ఎన్ని డోసులు, అరగంట ఎవరు కూర్చోబెడతారు, ఏమన్నా అయితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఆ కార్డు మన చేతికి ఇస్తారా. జవాబు చెప్పినాకే ఏలు ముద్ర."

అమ్మ కాసేపు ఆగి అంది: "మీ తాతప్పుడు ఇవన్నీ అడగాలని మనకు తెల్వకపాయె."

అవును. అప్పుడు తెల్వకపాయె. ఇప్పుడు తెలుసు. తెలిసినాక కూడా ఊరుకుంటే అది మన తప్పు.

మన అడవిలో చెట్లకు లెక్క ఉంది, పులులకు లెక్క ఉంది, తునికాకు కట్టలకు లెక్క ఉంది. మన చావులకు కూడా లెక్క ఉండాలి. మీ గూడెంలో ఆ నోటు పుస్తకం ఎవరు పెడుతున్నారో కింద రాయండి. నేను మా గూడెంలో మొదలుపెట్టాను. మొదటి పేజీలో మొదటి పేరు మా తాతది.

మావ నాటే మావ రాజ్.

జోహార్.